నాయనమ్మ మోకాళ్ల నొప్పి

నా చిన్నప్పుడు ఒకసారి, రాజమండ్రిలో మా వీధి ఆడవాళ్లంతా లాంచీ మాట్లాడుకుని పట్టిసీమ వెళ్లారు. నాకప్పుడు పదేళ్లు. మా నాయనమ్మతో నేనూ వెళ్లాను. కాలేజీలో చదివే పక్కింటి అక్క కూడా వాళ్లమ్మకు బదులు వచ్చింది. నిండుగా, కళగా ఉండేది. ఒంట్లో బాగాలేని మనిషని ఎవరూ అనుకోరు.

లాంచీ దిగాక గుడి ఉన్న గుట్ట దాకా ఇసుకలో నడవాలి. ఎండ అప్పటికే చుర్రుమంటోంది. అక్క నాలుగడుగులు వేయడం, కూర్చోవడం. అభిషేకం వేళ దాటిపోతోందని అందరూ గొణిగారు. ఈ వయసులో మేం గోదావరి నుంచి నీళ్లు మోసేవాళ్లమని ఒకావిడ, చదువుకునే పిల్లలకు సుకుమారం ఎక్కువని ఇంకొకావిడ అన్నారు. నవ్వులు. నేనూ నవ్వాను. అక్క తల వంచుకుని లేవబోయింది. కాళ్లు నిలవలేదు.

అప్పుడు మా నాయనమ్మ మోకాళ్లు పట్టుకుని ఆమె పక్కనే చతికిలబడింది. "నావల్ల కాదు గాని, మీరు పదండమ్మా. ఈ పిల్లలిద్దరూ నాకు తోడుంటారు" అంది. తలనెరిసిన మనిషిని ఎవరేమంటారు? ఒకావిడ గొడుగు కూడా ఇచ్చి వెళ్లింది.

నాయనమ్మకు మోకాళ్ల నొప్పి లేదని నాకు తెలుసు. అక్క కళ్లు మూసుకుని ఉండగా, ఆమెకు ఏమైందని నాయనమ్మ చెవిలో అడిగాను.

"నాకూ తెలీదే. ఓపిక లేకే కదా కూర్చుంది. అది చాలదూ?"

ఆవిడ అక్కను ఏమీ అడగలేదు. ఆ ఏటి మామిడికాయల గురించి ఏదో చెబుతూ కూర్చుంది. కాసేపటికి అక్కే చెప్పింది. చిన్నప్పుడు వచ్చిన కీళ్ల జ్వరం గుండెను దెబ్బతీసిందట. పెళ్లి కావలసిన పిల్ల కదా అని ఇంట్లోవాళ్లు ఆ సంగతి దాచిపెట్టారట.

"చెప్పినా నమ్మరు మామ్మగారూ. చూడ్డానికి బానే ఉంటాను కదండీ" అంది.

నాయనమ్మ గొడుగు ఆమె వైపు జరిపింది. ముగ్గురం ఆ ఇసుకలోనుంచే స్వామికి దండం పెట్టుకున్నాం.

మర్నాడు నాయనమ్మ పక్కింటికెళ్లి, అక్క వాళ్లమ్మతో చాలాసేపు మాట్లాడి వచ్చింది. ఆ ఏడాదే అక్కకు పెద్దాసుపత్రిలో గుండె ఆపరేషన్ అయింది. తర్వాత కాకినాడలో టీచరై, రిటైరయ్యేదాకా పిల్లలకు పాఠాలు చెప్పింది.

మొన్న మా మనవరాలు కాలేజీకి వెళ్లలేనంది. జ్వరం లేదు, దగ్గు లేదు. బద్ధకమనే మాట నా నోటిదాకా వచ్చింది. ఆపుకుని, మంచం మీద దాని పక్కన కూర్చున్నాను. చాలాసేపటి తర్వాత అది నా వైపు తిరిగి, మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది.