మగదిక్కు లేని జత

ఏరు పొంగి తగ్గాక జగ్గయ్యపేటలో మా ఇంటి వెనక ప్రహరీ కూలింది. ఇటుకల కోసం నందిగామ నుంచి చందర్లపాడు వెళ్లే దారిలో ఉన్న బట్టీకి వెళ్లాను. పత్రికలో పనిచేసిన రోజుల నుంచి ఆ యజమాని నాకు తెలుసు. ఊళ్లలో పడిన గోడలన్నీ మళ్లీ లేవాలి కాబట్టి ఆయనకు గిరాకీకి కొదవ లేదు. పనివాళ్లే దొరకడం లేదు.

మా వైపు బట్టీల్లో పని జతలకే ఇస్తారు. మొగుడు అచ్చులో ఇటుక కోస్తాడు, భార్య మట్టి ముద్దలు అందిస్తుంది. ఇద్దరి కూలీ కలిపి మగవాడి చేతిలో పెడతారు.

మేం టీ తాగుతుంటే ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. ముందు నడిచినామె నిరుడు భర్తతో ఇక్కడే పనిచేసింది. వరద నీళ్లలో సామాను మోస్తూ పడి అతని నడుం దెబ్బతింది. వెనకామె ఆమె వదిన, చనిపోయిన అన్న భార్య.

"ఈ ఏడు మేమిద్దరం జతండీ," అంది ముందరామె.

పక్కనే ఉన్న బట్టీ మేస్త్రి నవ్వాడు. "మీలో మొగుడెవరమ్మా?"

"పొద్దున నేను, మధ్యాహ్నం మా వదిన. పెళ్లికి పిలవలేదని కోపమా అన్నా?"

ఇటుకలు పేరుస్తున్నవాళ్లూ నవ్వారు. యజమాని నవ్వలేదు. "మగమనిషి లేకుండా జతేంటమ్మా? మీ ఆయన లేచాక రండి."

"ఆయన లేచేదాకా ఆకలి ఆగుద్దా అండీ? మీరు కాదంటే పిల్లల్ని బడి మాన్పించి హైదరాబాద్ బస్సెక్కాలి. అక్కడ మాకెవరూ లేరు."

ఆ మాట దగ్గర ఆమె గొంతు తగ్గింది. యజమాని నా వైపు తిరిగాడు. "మీరే చెప్పండి సార్. రేపేదన్నా తేడా వస్తే నేనెవర్ని అడగాలి?"

"వాళ్లనే అడగండి. మీకు కావాల్సింది కోసే మనిషి, అందించే మనిషి. వాళ్లు మొగుడూ పెళ్లాలైతేనేం, వదినా ఆడపడుచులైతేనేం?"

ఆయన కాసేపు కళ్లం వైపు చూశాడు. ఇటుకలు ఆరబెట్టే ఆ నేల సగం ఖాళీగా ఉంది. "సరే, రేపు పొద్దున్నే రండి," అన్నాడు.

ఆమె కదల్లేదు. "కూలి ఎవరి చేతికండీ?"

"మీ ఆయనొచ్చి తీసుకుంటాడు."

"మంచం దిగలేనాయన ఎట్టా వస్తాడండీ? నాది నాకు, మా వదినది మా వదినకి."

"అట్టా మొదలుపెడితే మిగతా ఆడోళ్లూ అడుగుతారండీ," అన్నాడు మేస్త్రి.

"అడగనివ్వవయ్యా. చేసేవాళ్లేగా అడిగేది," అన్నాడు యజమాని. మంచి యజమానులు ఎలా ఉండాలో నేను చాలా సభల్లో విన్నాను. ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు.

రెండో లోడుకి వెళ్లేసరికి మిగతా ఆడవాళ్లు నిజంగానే అడిగారట, ఆయన ఎవరి కూలి వాళ్లకు విడిగా ఇస్తున్నాడు. కళ్లం నిండింది. ఆడపడుచు అచ్చు దగ్గర ఉంది, వదిన ముద్దలు అందిస్తోంది. పిల్లలు బడికి వెళ్లారని అచ్చు దగ్గరామె చెప్పింది. పక్క వరసలో ఒకతను నన్ను చూసి, "ఇప్పుడు టీకి కూడా మా ఆవిడ్నే అడగాల్సొస్తంది సార్," అని మొరపెట్టుకున్నాడు.

ఆడపడుచు అచ్చు బోర్లించి, తలెత్తకుండానే అంది: "మెల్లగా అడుగు తమ్ముడూ, ఇస్తదిలే."