సెయ్యి టెంపరరీ, ఉద్యోగం పర్మినెంటు

ఒక వీరుడు, ఒక యంత్రం, చిందిన రక్తం, కన్నతల్లి ప్రార్థన. ఇన్ని ఉన్న మహాగాథ చెబుతాను, వినండి. అంటే, రక్తం చిందలేదు. యంత్రం కూడా అప్పుడు కరెంటు లేక ఆగిపోయి ఉంది. పలాసలో మా జీడి ఫ్యాక్టరీలో పిక్కల బస్తా ఒకటి వరస మీంచి జారి నా ఎడమ చేతి మీద పడింది. వీరుడు ఆ సమయానికి కుడిచేత్తో టీ తాగుతున్నాడు.

టెక్కలి ఆస్పత్రిలో మణికట్టు విరిగిందని చెప్పి, పిండికట్టు వేసి, ఆరు వారాలు పని వద్దన్నారు. ఆరు వారాలు జీతం లేకపోతే ఎలాగని అమ్మ భోరుమంది. మా ఫ్యాక్టరీ గుమస్తా, వరసకి నాకు బావ, ఒక ఫారం తెచ్చిచ్చాడు.

"ఏడవకత్తా. నెలనెలా ఈడి జీతంలో ఇన్సూరెన్సుకి కోత్తన్నారు కదా. పనిలో దెబ్బ తగిలితే, సెయ్యి బాగయ్యేదాకా జీతంలో సేనా వరకు ఆళ్లే ఇత్తారు."

ఇన్నాళ్లూ ఆ కోత టీ ఖర్చుకనుకున్నాను.

ఆ రాత్రే ఫారం నింపడానికి కూర్చున్నాను. ఆరో గడిలో ఇంగ్లీషులో ఒక పొడుగాటి మాట, దాని పక్కన రెండు డబ్బాలు.

"ఏటడుగుతన్నాడ్రా?" అంది అమ్మ.

"టెంపరరీయా, పర్మినెంటా అని."

"అదేటడగడం! పర్మినెంటని ఎయ్!"

ఆవిడ తప్పేం లేదు. మూడేళ్లు టెంపరరీగా పనిచేశాక, కిందటి నెలే నన్ను పర్మినెంటు చేశారు. ఆ సంగతి అమ్మ చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం కూడా చెప్పింది. పొడుగాటి మాట చదవకుండానే టిక్కు పెట్టాను. గట్టిగా ఉండాలని దాని మీదే ఇంకోసారి దిద్దాను.

మూడో రోజు గుమస్తా ఫోను.

"ఏటి బావా, నీ సెయ్యి జన్మలో పనికిరాదని రాసిచ్చావు? మేనేజరు నీ మిషను మీదకి ఇంకొకడ్ని సూత్తన్నాడు!"

"నాను పర్మినెంటే కదా?"

"ఆడడిగింది నీ ఉద్యోగం గురించి కాదెహె, దెబ్బ గురించి! ఉద్యోగం పర్మినెంటు, సెయ్యి టెంపరరీ. మార్సి రాయి."

అమ్మ ఫోను లాక్కుంది. "మళ్లీ టెంపరరీ అని రాయాలా? మూడేళ్లు మోకాళ్ల మీదుంటే వచ్చింది. నానొప్పుకోను."

"అత్తా, ఇక్కడ పర్మినెంటని ఉంటే అక్కడ ఉద్యోగం ఊడిపోద్ది."

అమ్మ ఫోను నా చేతికిచ్చేసింది. ఆదివారం చర్చిలో మళ్లీ లేచి, కళ్లు మూసుకుని అంది: "తండ్రీ, నా బిడ్డ సెయ్యి టెంపరరీ సెయ్యి."

సంఘమంతా ఆమెన్ అనబోయి, సగంలో ఆగి, ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

కొత్త ఫారం రాసి, డాక్టరు కాగితం జతచేసి ఇచ్చాను. డబ్బు బ్యాంకులో పడింది, చెయ్యి బాగైంది, నా మిషను నాకే ఉంది. ఈ గాథ నుంచి నేర్చుకోవాల్సింది ఒక్కటే. ఫారం నల్ల ఇంకుతో నింపాలి. నీలం ఇంకైతే మళ్లీ రాయిస్తారు.