మా పెద్దోడు, వెనక ఇరుసు లాకు

మా పెద్దోడు పోయినాడు. కువైట్ రుమైథియాలో నేను వంట చేసే ఇంటి యజమానురాలు, మామా, వాళ్ళింట్లో పొద్దున పూట కోడికూర కడుగుతా ఉంటే ఫోన్ మోగింది. మంగఫ్‌లో వాడి రూములో ఉండే పిలగాడు. "పెద్దమ్మా, అన్న లేచినాడు, పండ్లు తోముకున్నాడు, గుండె పట్టుకొని కూచున్నాడు" అని వరసగా చెప్పుకుంటా వచ్చి ఆగిపోయినాడు. ఆసుపత్రికి తీసకపోయేలోపలే అయిపోయిందంట. నేను అట్లే నిలబడిపోతే మామా వచ్చి కొళాయి కట్టేసింది.

వాడి శవం పెట్టెతో పాటు మా ఊరికి పోయి, చేయాల్సినవి చేసి, మళ్ళా వచ్చినాను. రాకుండా ఎట్ల? ఇక్కడ ఉండేదానికి ఇచ్చిన పర్మిటు, ఇఖామా, ఉండాది, పని ఉండాది. పలకరించేదానికి వచ్చినోళ్ళందరూ మంచోడు మంచోడు అన్నారు. మంచోడే. కానీ నేను రాయాలనుకున్నది వాడి పని గురించి. ఎందుకంటే వాడి పని నాకు సగమే అర్థమయింది. మిగతా సగం అడగతా ఉండగానే పోయినాడు.

ఫహాహీల్ పక్క ఒక గ్యారేజీలో వాడు ఎడారి బండ్ల ఇరుసులకు లాకులు బిగించేవాడు. ఇక్కడుండే మనోళ్ళకు తెలుసు, చలికాలం వస్తే కువైటీలు బర్రులో, అంటే ఎడారిలో, గుడారాలు వేసుకుంటారు. మా మామా వాళ్ళూ వేస్తారు. నేనూ పోయి అక్కడే వండుతాను. గుడారం ముందర కూచోని బియ్యం ఏరుకుంటా చూస్తే ప్రతి ఏడూ ఇదే తమాషా. ఇంత పెద్ద బండి ఇసుకలో దిగబడతాది. ఒక చక్రం పిచ్చి పట్టినట్ల తిరగతా గుంత తవ్వుకుంటాది. దాని జత చక్రం ఊరికే చూస్తా కూచుంటాది. బండి కదలదు. నాకు ఆ కూచున్న చక్రం మీద కోపమొచ్చేది. నీకేమొచ్చింది, నువ్వూ తిరగొచ్చు కదా అని.

శుక్రవారం సెలవిస్తే మంగఫ్‌లో వాడి రూముకు పోయి, వండి పెట్టి, ఇదే అడిగినాను. వాడు నోటితో చెప్పలేదు. "ఒరే, మంచం పట్టుకోరా" అని రూము పిలగాన్ని లేపినాడు. ఇద్దరూ చెరో కొస పట్టుకొని తలుపు కాడ మంచాన్ని మలుపు తిప్పినారు.

"చూడు మ్మా. బయట ఉండే వాడు నాలుగడుగులు వేస్తే లోపలుండే నేను ఒకటే వేస్తా. బండి చక్రాలూ అంతే. అందుకే ఇరుసు మధ్యలో డిఫరెన్షియల్ అని ఒక గుండు పెట్టినారు, ఎవరి అడుగు వాళ్ళు వేసుకోనీ అని."

"మరి ఇసుకలో?"

"ఇసుకలో అదే మనల్ని ముంచుతాది. ఏ చక్రానికి పట్టు లేదో, ఏది సులువుగా తిరగతాదో, అదే తిరగతా పోతాది. లాకు వేస్తే రెండూ ఒకటై తిరగాల్సిందే."

"అయితే ఎప్పుడూ లాకు వేసే పెట్టుకుంటే పోలా?"

రూము పిలగాడు మంచం కింద పెట్టి నవ్వినాడు. "పెద్దమ్మా, నువ్వు గ్యారేజీకి రా. కస్టమర్ల కంటే నువ్వే నయం."

"ఇద్దరి కాళ్ళూ కలిపి కట్టేసి మంచం తిప్పమంటే తిప్పతామా మ్మా?" అన్నాడు మా వాడు. "బర్రులో లాకు వేస్తారు, రోడ్డెక్కినాక తీసేది మరిచిపోతారు. మలుపులో బండి కుంటతాది, టైర్లు కీచుమంటాయి. స్టీరింగ్ చెడిపోయిందని మా కాడికి తోలుకొస్తారు. స్విచ్చి ఆపి పంపిస్తాం."

అప్పటినుంచి నేను రోడ్డు మీద ఏ పెద్ద బండి పోయినా దాని వెనక ఇరుసు మధ్యలో గుండు చూస్తాను. దాంట్లో లాకు ఉండాదో లేదో బయటికి తెలీదు. అయినా చూస్తాను.

లాకుల్లో రకాలుండాయంట. ఒకటి దానంతట అదే పట్టుకుంటాది, అదే వదులుతాది. స్విచ్చి ఉండదు. అది రోడ్డు మీద మలుపులో టక్‌మని కొడతాది, ఒక్కోసారి స్టీరింగును పక్కకు ఈడుస్తాది. అది బిగించుకున్న ఒకాయన భార్య బండి విరిగిపోతా ఉండాదని భయపడి మధ్యలోనే దిగేసిందంట. మా వాడు ఆయనకు "విరగలేదు సార్, అది మాట్లాడతాది, అలవాటు పడాల" అని చెప్పి పంపించినాడంట. నేనన్నాను, "అచ్చం మా మామా మాదిరే ఉండాది కదరా. ఎప్పుడు పట్టుకుంటాదో ఎప్పుడు వదులుతాదో ఆమెకే తెలీదు." వాడు అన్నం పొలమారి దగ్గినాడు.

ఇంకో రకం గాలితో పట్టుకునేది. స్విచ్చి నొక్కితే చిన్న పంపు గాలి పంపిస్తాది, లోపల గేర్ల పండ్లు కలుసుకుంటాయి. ఆపితే విడిపోతాయి. గొట్టాలు, వైర్లు, పని ఎక్కువ. గాలి గొట్టం ఎక్కడన్నా కారితే పట్టుకోదు. అయినా మా వాడికి అదే ఇష్టం. "అడిగినప్పుడే పట్టుకోవాల, వద్దంటే వదలాల" అనేవాడు.

కానీ ఎవరొచ్చి ఏది బిగించాలని అడిగినా ముందు ఒకటే మాట. "యాడ తిరగతారు మీరు?" రోజూ ఆఫీసుకు పోయి, ఏడాదికి రెండు మూడు మార్లు ఎడారికి పోయేటోళ్ళయితే, ముందు టైర్లలో గాలి తగ్గించి ఇసుకలో పట్టుతో తోలేది నేర్చుకోండి, లాకు అక్కర్లేదు అని చెప్పేవాడు. పెషావర్ వైపు నుంచి వచ్చిన వాళ్ళ ఉస్తాద్, గ్యారేజీ పెద్ద మేస్త్రీ, తల కొట్టుకునేవాడంట. "వచ్చినోణ్ణి పంపించేస్తావు. దుకాణం నీ అబ్బదా?" అని తిట్టి, మళ్ళా సాయంత్రం చాయ్ వాడికే మొదట ఇచ్చేవాడంట.

వాడి బట్టలకు ఒక వాసన. ఇరుసులో పోసే నూనెది, మురిగిన కోడిగుడ్డు మాదిరి. ఎన్ని సార్లు ఉతికినా పోదు. చక్కెర, గిన్నెల సబ్బు కలిపి చేతులు రుద్దుకొని, అన్నానికి కూచునే ముందు ముక్కు కాడ పెట్టుకొని చూసుకొనేవాడు. నేను ముక్కు మూసుకుంటే, "నీ చేతులు వెల్లుల్లి వాసన, నా చేతులు ఇది. ఇద్దరం పనిలో ఉండామని అర్థం" అనేవాడు.

వాడూ రూము పిలగాడూ కలిసి ఒక పాత జీపు తెచ్చుకున్నారు. దానికి లాకు బిగిద్దామని పని మొదలుపెట్టి, నన్ను ఎడారికి తీసకపోయి చూపిస్తానన్నాడు. ఇంతలోనే ఇట్లయింది.

నేను ఊరినుంచి తిరిగొచ్చినాక ఉస్తాద్ పిలిపించినాడు. జీపు గ్యారేజీలో మూలన ఉండాది. గాలితో పట్టుకునే ఆ లాకు ఇంకా డబ్బాలోనే ఉండాది. "కొనేవాడు ఒకడు ఉన్నాడమ్మా. ఉన్నది ఉన్నట్ల ఇచ్చేద్దాం, ఖలాస్" అన్నాడు. రూము పిలగాడు నేల చూస్తా నిలబడినాడు. నీ ఇష్టం పెద్దమ్మా, అన్నాడు.

నేనాలోచించినాను. వాడు ఎంచుకున్నది ఎట్ల పట్టుకుంటాదో చూడకుండా అమ్మేస్తే, వాడు దేని గురించి అంత చెప్పినాడో నాకింక ఎప్పటికీ తెలీదు. "వాడు మొదలుపెట్టినట్లే బిగించండి. నాకు ఒక్కసారి చూపించండి. ఆనక అమ్మేయండి" అన్నాను.

ఉస్తాద్ సరేనని, స్విచ్చి చోటు దగ్గర ఆగినాడు. మా వాడు స్విచ్చి కోసం ముందే బొక్క కోసిపెట్టినాడు. ఇక్కడి బండ్లలో తోలేవాడు ఎడమ పక్క కూచుంటాడు, అది వాడి పక్కన లేదు. అవతల, కుడి సీటు ముందర ఉండాది.

"ఇది గల్తీ అమ్మా. తోలేవాడికి చెయ్యి అందదు. దీన్ని మూసేసి స్టీరింగ్ పక్కన పెడతా."

"గల్తీ కాదు ఉస్తాద్" అన్నాడు రూము పిలగాడు. "అన్న కుడి సీట్లో కూచొని, చెయ్యి చాపి చూసుకొని కోసినాడు. నేను పక్కనే ఉన్నా."

"ఎందుకని అడగలేదా?"

"అడిగినా. నవ్వినాడు."

"నవ్వితే? ఆడ కూచునేది ఎవరు, లాకు వేసేది ఎవరు? తోలేవాడు ఒకడు, నొక్కేవాడు ఇంకొకడా? ఎవడన్నా చూస్తే నా గ్యారేజీని చూసి నవ్వతాడు."

నేను ఆ సీటెక్కి కూచున్నాను. చెయ్యి చాపితే బొక్క అందింది. అంతమాత్రాన నాకోసమే కోసినాడని అనుకోలేను. ఎవరు కూచున్నా అందతాది. వాడు నిజంగానే ఏమరపాటులో కోసినాడేమో. ఎంత ఆలోచించినా నాకు అంతు చిక్కలేదు, ఇప్పటికీ చిక్కలేదు. "ఆడనే పెట్టండి భాయ్. తప్పయితే వాడి తప్పు, ఉండనీండి" అన్నాను. ఉస్తాద్ నన్ను చూసి వైరు లాగినాడు.

తర్వాతి శుక్రవారం మధ్యాహ్నం పోయినాం. ఉస్తాద్ తోలినాడు, నేను కుడి సీట్లో, పిలగాడు వెనక. ఇసుక మొదలయ్యే కాడ పిలగాడు దిగి నాలుగు టైర్లలో గాలి తగ్గించినాడు. ఒక దిబ్బ ముందర ఉస్తాద్ లాకు లేకుండానే ఎక్కించినాడు, నాకు తేడా తెలియాలని. సగంలో బండి ఒక పక్కకు ఒరిగింది. నేను తల బయటికి పెట్టి చూసినా. అదే తమాషా. ఎడమ వెనక చక్రం ఇసుక చిమ్ముతా ఉండాది, కుడిది మాట్లాడకుండా కూచునుండాది.

ఉస్తాద్ ఆపి, కొంచెం వెనక్కు జారనిచ్చినాడు. చక్రాలు నిలిచినాయి. "తిరగతా ఉండగా నొక్కకూడదు. ఇప్పుడు నొక్కు అమ్మా."

నొక్కినాను. ఎక్కడో పంపు గురగుర అని ఆగింది. సీటు కింద నుంచి మెత్తగా ఒక తాకిడి వచ్చింది. బండి ముందుకు కదిలింది. తొందర లేదు, ఎగిరిపడేది లేదు. ముసలామె మెట్లెక్కినట్ల నిమ్మళంగా ఎక్కతానే పోయింది. పైకి చేరినాం. పిలగాడు వెనక సీట్లో ముక్కు చీదినాడు.

"ముందర ఇరుసుకు కూడా ఉంటే ఇంకా బాగా ఎక్కతాదా?" అని అడిగినాను. ఎవరినన్నా ఏదన్నా అడగాలనిపించింది.

"ఎక్కతుంది. కానీ స్టీరింగ్ తిరగదు, చేతులు పోతాయి. నీ కొడుకు వెనకది చాలన్నాడు. చాలు" అన్నాడు ఉస్తాద్.

లాకు స్విచ్చి ఆపేసి, వాళ్ళిద్దరూ టైర్లకు గాలి కొట్టే పంపు బయటికి తీసి చూసుకుంటా ఉంటే నేను ఎక్కొచ్చిన దారి కొస కాడ నిలబడి కిందికి చూసినాను. దిగబడిన చోట ఎడమ పక్క గుంత ఉండాది, కుడి పక్క ఏమీ లేదు. ఆ పైనుంచి రెండు జాడలు నా కాళ్ళ కాడి దాకా వచ్చినాయి, రెండూ ఒకే లోతు. ఒక నల్ల పురుగు కుడి జాడలోకి జారి, గోడ పట్టుకొని పైకెక్కింది. మధ్యలో ఇసుక మీద నడిచింది. ఎడమ జాడ అంచు కాడ ఆగి, మీసాలు ఆడించి, దాంట్లోకీ దిగింది.