కసరీన్‌లో ఆగిన నాటకం

కైరవాన్‌లో ఉండే మున్‌జియాకు ఈమధ్య మాట్లాడాలంటేనే విసుగు. పిల్లల సంరక్షణ ఉద్యోగులకు శిక్షణ ఇస్తూ ఊరూరా తిరిగి, చెప్పిందే చెప్పి ఆమె గొంతు అరిగిపోయింది. అది చాలదన్నట్టు, తోటి శిక్షకుల కోసం నెలనెలా ఒక చిన్న పత్రిక కూర్చే పని కూడా ఆమె నెత్తినే పడింది. కొత్త ఉత్తర్వులు, శిక్షణ తేదీలు, తరగతిలో చేయించదగ్గ అభ్యాసాలు అందులో వేస్తుంది. ఎవరైనా చదువుతున్నారో లేదో తెలుసుకుందామని, ఒక నెల ఆఖరి పేజీలో ఖర్జూరం పెట్టి మక్రూద్ మిఠాయి చేసే విధానం ఇరికించింది. ఇదేమిటని ఒక్కరూ అడగలేదు.

ఆ చలికాలం ఆమెను కసరీన్‌కు పంపారు. హాల్లో హీటరు చెడిపోయి అందరూ కోట్లు విప్పకుండానే కూర్చున్నారు. మధ్యాహ్నం రొట్టె, హరీసా అనే మిరప ముద్ద, చేప తిన్నాక కళ్ళు మూతలు పడుతుంటే, మున్‌జియా తన పాత అభ్యాసం మొదలుపెట్టింది. ఒక ఇంట్లో బిడ్డకు ప్రమాదం ఉంది. ఉద్యోగి వెళ్ళి ఆ బిడ్డను సురక్షితమైన చోటికి తీసుకుపోవాలి. తల్లి వేషం ఎప్పుడూ మున్‌జియాదే. బిడ్డ స్థానంలో ఎవరిదో కోటు కప్పిన కుర్చీ. ఆ తల్లి ఏడుపు ఏడ్చి ఏడ్చి ఆమెకు ఇప్పుడు కన్నీళ్ళు కూడా అలవాటు కొద్దీ వచ్చేస్తున్నాయి.

ఉద్యోగి పాత్రకు రవ్‌దా అనే కొత్తమ్మాయి లేచింది. చట్టం ఏమంటుందో, ఎవరికి మొర పెట్టుకోవచ్చో తల్లికి చక్కగా వివరించింది. తర్వాత కుర్చీ వైపు తిరిగి, అలాగే నిలబడిపోయింది.

వెనక వరసలోంచి సీ బెల్గాసెమ్ నవ్వాడు. అక్కడున్న వాళ్ళలో పెద్ద ఉద్యోగి ఆయన, అందుకే అందరూ మర్యాదగా 'సీ' అని పిలుస్తారు. "ఏమ్మా, కుర్చీ కరుస్తుందా?"

"కరవదు, సీ బెల్గాసెమ్," అంది రవ్‌దా. "చిన్నప్పుడు నన్నూ ఇట్లాగే తీసుకుపోయారు. మా అమ్మకి అన్నీ చెప్పారు. కారు ఎక్కడికి పోతుందో నాకే చెప్పలేదు. దారంతా జైలుకే అనుకున్నా."

బెల్గాసెమ్ తల వంచుకున్నాడు.

మున్‌జియా కళ్ళు తుడుచుకుని, అప్పుడు ఏం చెప్పి ఉండాల్సిందని మెల్లగా అడిగింది.

"ఎక్కడికి పోతున్నామో. రాత్రి పక్కన ఎవరుంటారో. తమ్ముడు కూడా వస్తాడో లేదో. అంతే, మదామ్. ముద్దు చెయ్యక్కర్లా."

ఇన్నేళ్ళ తన పాఠంలో కుర్చీతో ఎవరూ మాట్లాడలేదని మున్‌జియాకు అప్పుడు తోచింది. కోటు తీసి పక్కన పెట్టి, తనే ఆ కుర్చీలో కూర్చుంది. ఒక్కొక్కరే వచ్చి చెప్పమంది. బెల్గాసెమ్ మోకాళ్ళ మీద కూర్చుని, మంచి చోటికే పోతున్నాం బిడ్డా అన్నాడు.

"ఏ చోటు?"

"కనుక్కుని చెప్తా."

"ఎప్పుడు?"

"కారెక్కే ముందే, తల్లీ."

సాయంత్రం ఆయనే రవ్‌దాకు పుదీనా టీ తెచ్చి ఇచ్చి, నోటి దురుసుకు మన్నించమన్నాడు. ఆమె టీ అందుకుంది గాని మన్నించానని అనలేదు.

ఈ సంగతి పత్రికలో రాయడానికి, పేరు వేయవద్దన్న షరతు మీద రవ్‌దా ఒప్పుకుంది. ఆ నెల పత్రికలో ఉత్తర్వులు వెనక్కి పోయి, ఈ అభ్యాసం మొదటి పేజీకి వచ్చింది. తేదీలు కనబడటం లేదని పై అధికారి సణిగాడు. గాబెస్ నుంచి మాత్రం ఒక శిక్షకురాలు ఫోన్ చేసి, తమ వాళ్ళు చీకటి పడేదాకా హాలు వదలలేదని, ఇలాంటివి ఇంకా పంపమని అడిగింది. సంతోషించే ఓపిక కూడా లేని మున్‌జియా, వచ్చే నెల అభ్యాసం రవ్‌దానే రాయమంది. రవ్‌దా రాస్తానంది. ఈసారి తన పేరు వేయవచ్చని కూడా అంది.

మరుసటి వారం శిక్షణ కోసం గాబెస్ పోతూ, నలుగురితో పాటు ఎక్కిన అద్దె బండిలో, పక్కనున్న ముసలామె భుజం మీద తల వాల్చి మున్‌జియా దారంతా నిద్రపోయింది.