అనిబాల్ మర్యాద తాగిన మొక్క

ఒదిలాకి డెబ్బై దాటాయి గానీ నాలుక మాత్రం పదహారేళ్ల దగ్గరే ఆగిపోయింది. మొంతెవిదెయో రేవు పక్కన లా తేహా పేటలో, ఆ పొడుగాటి సందులో అందరికంటే ముందు లేచేదీ ఆవిడే, ముందు నోరు విప్పేదీ ఆవిడే. వయసులో ఉన్నప్పట్నించీ ఉన్ని కడిగే ఫ్యాక్టరీలో చన్నీళ్లలో చేతులు నానబెట్టి బతికింది. మొగుడు పోయాడు, ఫ్యాక్టరీ మూతబడింది, ఆ చన్నీళ్లు మాత్రం వేళ్ల కణుపుల్లో ఉండిపోయాయి. కణుపులు అల్లం కొమ్ముల్లా తయారయ్యాయి.

అయినా వాన పడిందంటే ఆవిడ ఇంట్లో మూకుడు పొయ్యెక్కాల్సిందే. ఆ ఊళ్లో వానంటే తోర్తలు. పిండిలో ఉప్పూ ఆవుకొవ్వూ వేసి బాగా మర్దించి, వెడల్పుగా వత్తి, నడిమధ్య వేలితో చిల్లు పొడిచి కొవ్వులో వేయిస్తే పూరీకి పెత్తల్లిలా పొంగుతాయి. సందులో ఎవర్నీ పిలవక్కర్లేదు, వాసనే తలుపు తడుతుంది. అలాంటిది నిరుడు ఒక వానకి పిండి మర్దించబోతే వేళ్లు ముడుచుకోలేదు. పిండి ముద్ద అట్లాగే కూర్చుంది, ఒదిలా దాని ఎదురుగా కూర్చుంది. వాన పడుతోంది, సందులో వాసన లేదు. ఎదురింటి పొరోతా గొడుగేసుకొచ్చి, ఏమ్మా ఎవరన్నా పోయారా అని అడిగింది. ఆ మాట ఒదిలాకి చేపముల్లులా గుచ్చుకుంది.

పొరోతా నోరు చెడ్డదే గానీ మనసు కాదు. ఎవరో చుట్టాల దగ్గర్నించి చిన్న డబ్బీలో లేపనం తెచ్చిచ్చింది. గంజాయి పువ్వుని కొవ్వులో సన్నసెగ మీద కాచి వడగట్టిన లేపనం అది. రాసుకోగా రాసుకోగా వేళ్లు మళ్లీ మాట విన్నాయి. డబ్బీ అడుగంటింది. మళ్లీ అడుక్కోవడం ఒదిలా ఒంట్లో లేదు. ఆ దేశంలో పేరు రాయించుకుంటే ఇంట్లో ఆరు గంజాయి మొక్కలు పెంచుకోవచ్చు; పోస్టాఫీసుకెళ్లి రాయించుకుంది. గుమాస్తా ఎగాదిగా చూసి, అవ్వా ఇవి మీకేనా అన్నాడు. కాదు నాయనా, ఎదురింటి పిల్లికి, కాస్త దిగులుగా ఉంటోంది అందిట.

అక్కడ జూన్ అంటే చలికాలం మొదలు, బయట పెడితే నారు బతకదు. వంటింట్లో కిటికీ కింద అరమీద ఆరు పెరుగు కప్పులు పెట్టి, అడుగున చిల్లులు పొడిచి, మట్టి పోసి గింజలు నాటి, పైన మొగుడు చదువుకునే దీపాన్ని వేలాడగట్టింది. బతికున్నంతకాలం ఆ మనిషి ఆ దీపం కింద గుర్రప్పందేల పేజీ తప్ప ఏదీ చదవలేదు. ఇన్నాళ్లకి దానికో ప్రయోజనం కుదిరిందని పొరోతాతో అంది.

కప్పు అడుగు చిల్లుల్లోంచి తెల్లటి వేరు తొంగిచూసినప్పుడు వాటిని కుండీల్లోకి మార్చింది. పసిదాన్ని పందిరిమంచం మీద పడుకోబెట్టకూడదు. పెద్ద కుండీ అయితే మట్టి తడారదు, వేరు కుళ్లుతుంది. అందుకని జానెడు కుండీలే తీసుకుంది. తోటమట్టి, ఇసుక, గుప్పెడు వానపాముల ఎరువు కలిపి పోసింది. కప్పుని బోర్లించి అడుగున తట్టి, మట్టిగడ్డతో సహా అరచేతిలోకి దింపుకుంది. కాడని మాత్రం ముట్టుకోలేదు. ఆకు చిరిగితే ఇంకో ఆకొస్తుంది, కాడ నలిగితే ఇంకో కాడ రాదు. నీళ్లు కూడా అడిగినప్పుడే. వేలు మట్టిలో గుచ్చి చూడ్డం, కుండీ ఎత్తి బరువు చూడ్డం. తేలిగ్గా ఉంటే పోయడం, బరువుగా ఉంటే చేతులు కట్టుకు కూచోవడం. చేతులు కట్టుకోవడమే కష్టం ఆవిడకి. బలానికి, ఎరువు నానబెట్టిన నీళ్లు బాగా పల్చన చేసి ఎప్పుడైనా ఒకసారి.

ఇక ఆ అనిబాల్ ఉన్నాడే. సందు చివరింట్లో ఉంటాడు, ఒకప్పుడు బస్సు నడిపాడు. భార్య పోయాక ఇల్లు బోసిపోయింది. రోజూ సాయంత్రం, మొక్కలెలా ఉన్నాయో చూసిపోదామని అంటూ, జుట్టు తడిచేసి దువ్వుకుని వచ్చేవాడు. మొక్కల్ని చూడ్డానికి జుట్టెందుకు దువ్వుకోవాలో ఒదిలా అడగలేదు. కిటికీ పక్క బల్ల మీద కూచోమనేది. మాతె కలిపేది.

మాతె అంటే తెలుసుగా, సొరబుర్రలో ఆకుపొడి నింపి, ఫ్లాస్కులోంచి వేణ్ణీళ్లు వంచుతూ, లోహపు గొట్టంతో పీల్చేది. ఒకటే బుర్ర, అందరికీ వంతు. నీ వంతు గడగడమని చప్పుడొచ్చేదాకా పీల్చి వెనక్కివ్వాలి, నీళ్లు పోసి ఇంకొకరికిస్తారు. థాంక్స్ అన్నావా, అంతే సంగతులు, నాకింక వద్దని అర్థం. బుర్ర మళ్లీ నీ చేతికి రాదు. ఒదిలా మాతెలో చక్కెర గుమ్మరించి, నారింజ తొక్క వేస్తుంది. అనిబాల్ పుట్టిన దగ్గర్నించీ చేదు తాగినవాడు. బస్సు తోలేటప్పుడు కూడా చంకలో ఫ్లాస్కు దిగనివ్వని మనిషి. అయినా ఏనాడూ వద్దనలేదు. గడగడమనిపించి, నోరు తుడుచుకుని, బ్రహ్మాండం దోన్యా ఒదిలా అనేవాడు. దోన్యా అంటే అక్కడ అమ్మగారూ అన్నట్టు.

కొన్నాళ్లకి బల్లకి దగ్గరగా ఉన్న మొక్క తలవాల్చేసింది. కింది ఆకులు పసుపెక్కాయి. ఒదిలా కుండీ ఎత్తింది. రాయిలా బరువు. తను నీళ్లు పోసి ఎన్నాళ్లైందో కూడా గుర్తులేదు. ఎరువు ఎక్కువైందేమోనని అది మానేసింది. ఇంకొన్నాళ్లకి పక్కది కూడా అదే దారి పట్టింది. అప్పుడు అనుమానం పొరోతా పిల్లి మీదకి పోయింది. మీ పిల్లి మా కుండీలో పోస్తోంది అనేసింది. పొరోతా తక్కువ తిన్నదా, మా పిల్లికి మర్యాద తెలుసు, నీ ఇంటికి రాదు అని తలుపేసుకుంది.

ఒదిలా కుండీ ముందు కూలబడింది. ఆరింట్లో రెండు పోతే లేపనంలో మూడోవంతు పోయినట్టే. వానొస్తుంది, పిండి ముద్ద మళ్లీ వెక్కిరిస్తుంది. అలా చూస్తుంటే చీమలు కనిపించాయి. కిటికీ సందులోంచి ఒక బారు దిగి, తిన్నగా ఆ రెండు కుండీల్లోకే వెళ్తోంది. మిగతా నాలుగింటి వైపు కన్నెత్తి చూడ్డంలేదు. చీమకి ఎవరిమీదా పగ ఉండదు, తీపి ఉన్న చోటికి పోతుంది. ఒదిలా వేలితో మట్టి గీకింది. తడిసిన మాతె ఆకు, దానికింద సన్నటి నారింజ తొక్క. వాడేసిన ఆకు తను జెరేనియం పూలకుండీల్లో వేస్తుంది, అందరూ వేస్తారు. వీటిలో ఏనాడూ వెయ్యలేదు. ఆ బల్ల మీద కూచునేది ఒక్కడే.

ముందు కోపం వచ్చింది. తర్వాత నవ్వొచ్చింది. నవ్వు రావడం అనిబాల్‌కి ఇంకా ప్రమాదం.

పొరోతా గుమ్మంలోకి వెళ్లి, నీ పిల్లి నిర్దోషి, రేపు సాయంత్రం రా, వినోదం ఉంది అని చెప్పింది. మర్నాడు కుండీలన్నీ బీరువా మీదకెక్కించింది. బల్లని ఉత్త గోడకి ఆనించింది. అనిబాల్‌ని నడుమ కూచోబెట్టి అటు పొరోతా, ఇటు తను. చక్కెర డబ్బా పక్కనే పెట్టుకుంది.

బుర్ర తిరిగింది. అనిబాల్ అటు చూశాడు, గోడ. ఇటు చూశాడు, పొరోతా. మొక్కలేవి అని అడిగాడు. గాలి మార్పుకి పంపాం అంది ఒదిలా. పీల్చాడు. మళ్లీ వంతొచ్చింది, ఈసారి ఇంకో చెంచా చక్కెర. పొరోతాకి ఇచ్చేటప్పుడు చిటికెడు, అనిబాల్‌కి ఇచ్చేటప్పుడు గుప్పెడు. ఫ్లాస్కు అయిపోతే మళ్లీ నింపుకొచ్చింది. పాపం మనిషి నుదుటి మీద చెమట పట్టింది, మీసానికి బంక పట్టింది. అయినా బ్రహ్మాండం అంటాడే గానీ థాంక్స్ అన్న ఆ ఒక్క మాట నోట రాదు. పొరోతా పమిట లాంటి శాలువా నోట్లో కుక్కుకుంది.

చివరికి బుర్ర మళ్లీ చేతికొచ్చేసరికి దాన్ని అట్లాగే పట్టుకుని తేలుకుట్టిన దొంగలా కూచున్నాడు.

"ఏం అనిబాలూ, ఇవాళ పక్కన కుండీ లేకపోతే దాహం తీరట్లేదా?" అంది ఒదిలా.

అతను బుర్రలోకే చూస్తూ, "నాకు తీపి పడదు దోన్యా ఒదిలా" అన్నాడు.

"అది చెప్పడానికే కదయ్యా నీకు నోరున్నది. థాంక్స్ అంటే సరిపోయేది."

"థాంక్స్ అంటే లేచిపోవాలి కదా" అన్నాడు. "లేచి ఎక్కడికి పోను?"

పొరోతా నవ్వు ఆగిపోయింది. ఒదిలా మాత్రం ఆగలేదు, ఆగితే ఒదిలా ఎందుకవుతుంది.

"మరి రెండో మొక్క ఏం పాపం చేసింది?"

మొదటిది నీరసించిపోతుంటే చూడలేక, కాస్త పక్కదానికి పంచానన్నాడు. గడగడ చప్పుడు మాత్రం నోటితో చేసేవాడట. చేసి చూపించమంటే చూపించాడు కూడా. అచ్చం గొట్టం చప్పుడే.

శిక్ష ఒదిలా వేసింది. ఆ సాయంత్రమే కుండీలు దించి, అనిబాల్ చేతే ఆ రెండిటినీ బోర్లింపజేసింది. పుల్లటి వాసన కొట్టింది. తడి మట్టి మెల్లిగా రాల్చి, గోధుమరంగు తిరిగి మెత్తబడ్డ వేళ్లని కత్తెరతో తీసేసి, తెల్లవి ఉంచి, ఇసుక ఎక్కువ కలిపిన పొడిమట్టిలో, ఇంకా చిన్న కుండీల్లో పెట్టించింది. బస్సు తోలిన చేతులు, వేరు దగ్గరికొచ్చేసరికి బ్రేకు వేసుకుంటూ కదిలాయి. చుట్టూ నాలుగు చుక్కల నీళ్లు, అంతే. కొత్తాకు వచ్చేదాకా ఎరువు మాటెత్తద్దంది. అవి బతికి, పూసి, లేపనం నా చేతికొచ్చేదాకా నీ చేతులు నావి అని కూడా చెప్పింది. అనిబాల్ సరే అన్నాడు, దేనికి సరే అంటున్నాడో తెలియకుండా.

ఆగస్టు చివర సాంతా రోసా తుపాను ఏటేటా వచ్చినట్టే వచ్చింది. రేకులు ఊగిపోతున్నాయి. ఒదిలా సందులోకి తలపెట్టి అనిబాల్‌ని పిలిచింది. వచ్చేసరికి బల్ల మీద పిండి, కొవ్వు, ఉప్పు. మర్దించు అంది. స్టీరింగు తిప్పినట్టు తిప్పుతున్నావేంటయ్యా, మడిచి నొక్కు అంది. పక్కన కుర్చీలో అల్లం కొమ్ముల్లాంటి చేతులు ఒళ్లో పెట్టుకుని, నోటితోనే వంటంతా చేసింది. తోర్తలు మూకుట్లో పడ్డాయి, బస్సు టైర్లంత గట్టిగా వేగాయి. అయినా వాసన వాసనే. సందంతా గిన్నెలతో దిగింది. పొరోతా ఒకటి కొరికి, దవడ పట్టుకుని, ఈసారి నిజంగానే ఎవరో పోయేట్టున్నారు అంది.

అంతా వెళ్లాక ఒదిలా బుర్ర నింపి, చక్కెర వేసి, అలవాటుగా అతని ముందుకి చాపింది. అరమీద ఆ రెండు మొక్కల్లో ఒకటి కొత్త ఆకు తీసింది, రెండోది కాస్త వంకరగా నిలబడింది.

"థాంక్స్ దోన్యా ఒదిలా" అన్నాడు అనిబాల్.

అని, లేవకుండా కూచున్నాడు. ఒదిలా అతన్నోసారి చూసి, లేచి, పై అరలోంచి మొగుడి పాత బుర్ర దించి, దుమ్ము ఊది, చక్కెర లేకుండా చేదుగా కలిపిచ్చింది. ఇచ్చి, ఎందుకైనా మంచిదని ఆ వంకర మొక్కని తన వైపుకి జరుపుకుంది.