పచ్చడి సీసాలో నీళ్లు

మా బడి అమీర్‌పేట మెయిన్ రోడ్డు వెనక సందులో ఒక అద్దె మేడ. కింద జిరాక్స్ షాపు, ఎదురుగా మగపిల్లల హాస్టల్. ఊరంతా సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటున్న రోజులవి. హాస్టల్ బాల్కనీల్లో ఇంజినీరింగ్ అయిపోయిన పిల్లలు జిరాక్స్ కాగితాలు పట్టుకుని, ఇంటర్వ్యూ ప్రశ్నలకి జవాబులు కళ్లు మూసుకుని బట్టీ పట్టేవాళ్లు. ఇటు మా తొమ్మిదో క్లాసు ఆడపిల్లలు సాంద్రత నిర్వచనం బట్టీ పట్టేవాళ్లు. మధ్యలో నేను, సైన్సు టీచర్ని. రెండు వైపులా ఒకటే రాగం వినీ వినీ నాకు ఒళ్లు మండేది.

నాకు కోపం తొందర, మాట ఇంకా తొందర. నా నోట్లో నువ్వుగింజ నానదని పంజాగుట్టలో మా ఇంట్లో అందరికీ తెలుసు. క్లాసులో ప్రశ్న అడుగుతాను, పిల్లలు ఊపిరి పీల్చుకునేలోపు జవాబు కూడా నేనే చెప్పేస్తాను. ఏం చేయను, తెలిసింది కడుపులో దాచుకోవడం నాకు చేతకాదు.

బడి నడిపే కరెస్పాండెంట్‌ని బతిమాలి శనివారం ఆఖరి రెండు పీరియడ్లు సంపాదించాను. ఆ పీరియడ్లలో పుస్తకాలు సంచుల్లోనే ఉండాలి. ఇంట్లో దొరికే సామాను తెచ్చుకుని ఏదో ఒకటి చేసి చూడటమే పని.

ఆ క్లాసులో ఒక పిల్ల ఉండేది. వాళ్ల నాన్న సిరిసిల్ల వైపు మగ్గం వదిలి వచ్చి బల్కంపేటలో బట్టలు కుట్టేవాడు. మామూలు రోజుల్లో ఆ పిల్ల ఆఖరి బెంచీలో తలొంచుకుని కూర్చునేది. ఎంత బట్టీ పట్టినా లేచి నిలబడేసరికి అంతా మరిచిపోయేది. టీచర్లందరూ మొద్దు అని తేల్చేశారు. శనివారం మాత్రం బెంచీలు దాటుకుని ముందుకొచ్చి కూర్చునేది, ప్రశ్నల మీద ప్రశ్నలు వేసేది. అబ్బ, ఆ గొంతు విన్నప్పుడల్లా నాకెంత ముచ్చటేసేదో!

ఒక శనివారం పళ్లెంలో కుంకుమ కలిపిన నీళ్లు పోసి, మధ్యలో కొవ్వొత్తి నిలబెట్టి వెలిగించాం. మా అమ్మ ఆవకాయ పంపిన గాజు సీసా కడిగి తెచ్చి దాని మీద బోర్లించాం. కాసేపటికి మంట ఆరిపోయింది, ఎర్రనీళ్లు సీసాలోకి ఎక్కాయి. ఇది అందరికీ తెలిసిన ప్రయోగమే. మంటకి సీసాలో ఆక్సిజన్ ఖర్చయిపోతుంది, ఆ ఖాళీలోకి నీళ్లొస్తాయి అని గైడులో ఉంటుంది. నేనూ అలాగే చదువుకున్నాను.

"మేడం, మరి మండేటప్పుడు నీళ్లు ఎక్కుతలేవు గదా. ఆరినంకనే ఎక్కుతున్నయ్, గట్లెందుకు?" అంది ఆ పిల్ల.

జవాబు చెప్పడానికి నోరు తెరిచాను.

"నాకూ తెలీదే!" అన్నాను.

ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. మేడంకి తెలియనిది కూడా ఒకటుందని ఎంత సంబరమో!

ఆ జవాబు వెతికేలోపే కరెస్పాండెంట్ పిలిచారు. "మేడం, పేరెంట్స్ అందరూ ఐఐటీ ఫౌండేషన్ అడుగుతున్నారండీ. ఆ శనివారం పీరియడ్లు దానికిచ్చేద్దాం" అన్నారు. నేను గొడవపడ్డాను, ఆ తర్వాత బతిమాలాను కూడా. చివరికి ఆయన ఒక షరతు పెట్టారు. బడిలో జరగబోయే సైన్సు ఎగ్జిబిషన్‌లో గెస్టు ముందు పిల్లలు గడగడా చెప్తే పీరియడ్లు ఉంటాయి, లేకపోతే ఉండవు. పీరియడ్లు పోతే ఆ పిల్ల మళ్లీ తల దించేస్తుంది. నా బెంగంతా అదే.

ఎగ్జిబిషన్‌లో సీసా ప్రయోగం దగ్గర ఫస్టు ర్యాంకు పిల్లని నిలబెట్టమని అందరూ చెప్పారు. నేను మొండికేసి ఆ పిల్లనే నిలబెట్టాను. కరెస్పాండెంట్ ఓకే చేసిన గైడు జవాబుని ఇంగ్లీషులో, ముందు గుడ్ మార్నింగ్ తగిలించి, పాపం ఇంట్లో కుట్టుమిషను పక్కన కూర్చుని బట్టీ పట్టింది.

గెస్టుగా వచ్చినాయన రిటైరైన కాలేజీ లెక్చరర్. ఆ పిల్ల కొవ్వొత్తి వెలిగించి, సీసా బోర్లించి, తడబడకుండా మొత్తం అప్పజెప్పేసింది. నేను హమ్మయ్య అనుకున్నాను.

"బావుందమ్మా. ఒకటి బదులు మూడు కొవ్వొత్తులు పెడితే నీళ్లు ఎంత ఎక్కుతాయి?" అని అడిగారాయన.

ఆ పిల్ల "గుడ్ మార్నింగ్ సార్" అని మళ్లీ మొదలుపెట్టింది. మా పిల్లలందరిదీ అదే అలవాటు. మధ్యలో ఆపితే అక్కడి నుంచి అందుకోలేరు, మొదటికే రావాలి. ఆయన చెయ్యెత్తి ఆపి మళ్లీ అదే అడిగారు. పక్కన కరెస్పాండెంట్ నా వైపు కొరకొరా చూస్తున్నారు. ఇంకేముంది, పీరియడ్లు పోయినట్టే అనుకున్నాను.

ఆ పిల్ల సీసా వైపు చూసింది, తర్వాత ఆయన వైపు చూసింది.

"తెల్వదు సార్. చేసి చూద్దామా?" అంది.

కరెంటు పోతే వెలిగించడానికి ఆఫీసు డ్రాయరులో పెట్టుకున్న కొవ్వొత్తులు తెచ్చారు. మూడూ వెలిగించి సీసా బోర్లించింది. ఈసారి నీళ్లు ఇందాకటి కంటే బాగా పైకి ఎక్కాయి.

"సీసా అదే, అందులో ఆక్సిజనూ అంతే. మరి నీళ్లెందుకమ్మా ఎక్కువ ఎక్కాయి?" అన్నారాయన.

"నాకూ గదే సమజైతలేదు సార్!"

ఆయన పెద్దగా నవ్వి ఆ పిల్ల తల నిమిరారు. "ఇలాంటి పిల్ల ఒక్కతి ఉన్నా చాలండీ బడికి" అని కరెస్పాండెంట్‌తో అన్నారు. గేటు దాకా సాగనంపుతూ నేను ఉండబట్టలేక అసలు కారణం అడిగాను. ఆయన రెండు మాటల్లో చెప్పి ఆటో ఎక్కారు.

సాయంత్రం కరెస్పాండెంట్ పిలిచి, "పీరియడ్లు ఉంచుకోండి మేడం. కానీ కరెక్ట్ ఆన్సర్ ఏంటో పిల్లలకి డిక్టేట్ చేసేయండి" అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

శనివారం ఉరుకులు పరుగుల మీద క్లాసుకెళ్లాను. జవాబు నాలుక చివరే ఉంది. బోర్డు దగ్గర సుద్దముక్క అందుకుని "ఇటు వినండర్రా" అన్నానో లేదో, ఆ పిల్ల లేచి నిలబడింది.

"చెప్పొద్దు మేడం! జర ఆగుండ్రి. మేమే చూస్తం."

ఆ బళ్లో నన్ను ఆగమన్నవాళ్లు అంతకు ముందెవరూ లేరు. సుద్దముక్క పెట్టేసి, వెళ్లి ఆఖరి బెంచీలో ఆ పిల్ల చోట్లో కూర్చున్నాను. ఎన్నిసార్లు వెలిగించారో, ఎన్నిసార్లు బోర్లించారో! నీళ్లన్నీ బల్ల మీదే. జవాబు గొంతు దాకా వచ్చినప్పుడల్లా పెదవి కొరుక్కున్నాను. ఒక పిల్ల సీసా అంచు దగ్గర బుడగలు చూసింది. నన్ను ఆగమన్న పిల్ల సీసా ముట్టుకుని "అబ్బా!" అని చెయ్యి వెనక్కి లాక్కుంది. తర్వాత వంగి ఆ బుడగల వైపు చూసింది.

"వేడికి గాలి ఉబ్బి బయటికి పోయింది మేడం. గీ బుడగలు గవే. మంట ఆరినంక లోపలున్న గాలి సల్లబడి దగ్గరికైంది, గా జాగలకి నీళ్లొచ్చినయ్. మూడు పెడితే ఇంకింత వేడి, ఇంకింత గాలి పోయింది." నా వైపు తిరిగింది. "గంతేనా?"

నాకు కళ్లనీళ్లు తిరిగాయి. "అంతేనమ్మా" అన్నాను.

"మీకు ముందుగాలనే తెల్సా?"

"తెలుసు."

నన్ను ఎగాదిగా చూసింది. తర్వాత క్లాసంతా ఘొల్లుమనేలా అంది.

"తెల్సి సుత గింతసేపు ఆగిండ్రా మేడం!"