“కథ నాకు సెప్పు” అన్న వకీలక్క

ఆదోని వకీలక్క నిద్రలోనే పోయిందని శుక్రవారం పొద్దున ఫోను వచ్చింది. ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా పోయింది, సరే. కానీ అక్కా, మాకొక మాటైనా చెప్పి పోకూడదా?

ఆమె ఎమ్మిగనూరులో మా వీధిలో పెరిగిన మనిషి. నా మొదటి పెళ్లి కలిసి రాకపోతే పెద్దమనుషులను కూర్చోబెట్టారు. వాళ్ల ముందే తాళి తీసి ఇచ్చేసి, పీడ విరగడైందనుకున్నాను. కొన్నాళ్లకు హాలహర్వి సంబంధం కుదిరింది. మనిషి నాకూ నచ్చాడు. శుభలేఖ ఇవ్వబోతే అక్క దాన్ని పక్కన పెట్టింది.

“కోర్టు డిక్రీ యాడుంది?”

“పెద్దమనుషులు విడదీసినారు కదక్కా!”

“విడదీస్తే ఏమి? కోర్టు లెక్కలో నువ్వింకా ఆయప్ప పెండ్లామే. ఇప్పుడు తాళి కట్టించుకుంటే ఈ పెండ్లి నిలబడదు.”

ముహూర్తం ఆపితే ఈ మనిషీ చేజారతాడని ఏడ్చాను. అక్కే హాలహర్వికి ఫోను చేసి అంతా విడమరిచి చెప్పింది. “ఆగుతాను లేక్కా” అన్నాడట ఆయన. అంతే, నా ప్రాణం కుదుటపడింది.

మొదటాయనను కూడా ఒప్పించి, ఇద్దరి ఇష్టం మీద విడాకులకు అర్జీ వేయించింది. పాత పెళ్లి ఫోటోలు, ఆధార్ కార్డులు తెమ్మంది. మధ్యలో ఆరు నెలలు ఆగాలంటే ఎంత విసుక్కున్నానో! వాయిదా రోజు కోర్టు వరండాలో బొరుగుల ఉగ్గాని పొట్లం చేతిలో పెట్టేది.

“తిను ముందు. కడుపు కాలితే నోరు జారతాది.”

మా మొదటాయనకూ ఒక పొట్లం! నాకు ఒళ్లు మండేది. “ఆయప్పా పొద్దున్నే బస్సెక్కి వచ్చినాడు గదమ్మా” అనేది. లోపలికి పిలిచే ముందు ఎప్పుడూ ఒకటే మాట: “జడ్జి అడిగిందానికే జవాబు సెప్పు. కథ నాకు సెప్పు.” నా కథ ఎన్నిసార్లు విన్నదో తల్లి, ఒక్కసారీ విసుక్కోలేదు.

డిక్రీ కాపీ చేతికొచ్చాకే ముహూర్తం పెట్టనిచ్చింది. పెళ్లికి నల్లకోటుతోనే వచ్చి అక్షింతలు వేస్తే మా అత్త మొహం చిట్లించింది. నేను మాత్రం కడుపారా నవ్వుకున్నాను. ఆ పెళ్లి చల్లగా ఉంది, మేమూ చల్లగా ఉన్నాము.

మొన్న సోమవారం మా వీధి అమ్మాయికి ఆదోనిలో వాయిదా. అక్క పట్టిన కేసే, ఇప్పుడు ఆమె జూనియరు చూస్తోంది. అమ్మాయి బెదిరిపోతుంటే తోడు వెళ్లాను. వరండాలో ఉగ్గాని పొట్లం విప్పి చేతిలో పెట్టాను. ఆ చివర ఆ పిల్ల భర్త ఒక్కడే నిలబడి ఉన్నాడు.

నా సంచిలో రెండో పొట్లం చూసి అమ్మాయి, “అదెవరికక్కా?” అంది.

“ఆయప్పకు. ఇచ్చొస్తా ఉండు. వచ్చినాక కథ నాకు సెప్పు.”